ఆ మాట జీ తాత దగ్గరుంది

గూ యాలాన్ ఒక్క ఇంగ్లీషు మాటను కూడా తన బుర్రలో పెట్టుకునేది కాదు. ఊళ్ళోవాళ్ళ దగ్గర దాచేది.

ఊరెళ్ళేటప్పుడు ఇంటి తాళంచెవి పక్కింటి పిన్నిగారి చేతిలో పెట్టి వెళ్తామే, సరిగ్గా అలాగే. తేడా ఏమిటంటే తాళంచెవులు ఒకటో రెండో ఉంటాయి. మా తొమ్మిదో తరగతి పెద్ద పరీక్షకి రావలసిన ఇంగ్లీషు మాటలు పదహారు వందలు. వాటిలో కాస్త కష్టమైనవి ఏరి, ఒక్కోటీ చిన్న కాగితం ముక్క మీద రాసి, వెనక్కి తిప్పి మన భాషలో అర్థం రాసి, నాలుగు మడతలు పెట్టి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ చేతిలో పెట్టేసేది. "ఇది కాస్త మీ దగ్గరుంచండి. కావలసినప్పుడు మా కైవెన్ వచ్చి పట్టుకెళ్తాడు" అనేది.

ఆ కైవెన్‌ని నేనే. పాంగ్ కైవెన్. తరగతిలో ఆమె పక్క సీటువాణ్ణి. "మా కైవెన్" అని ఎప్పుడు అయిపోయానో, ఎందుకు అయిపోయానో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఆమె గొప్పతనం తెలియదు. తొమ్మిదో తరగతి మొదలైన నెలలో నాకు ఇంగ్లీషులో నూటిరవైకి నలభై ఒకటి వచ్చాయి. మిగతా పాఠాల్లో ఏదో ఈదుకొచ్చేవాణ్ణి. జూన్‌లో జరిగే పెద్ద పరీక్షలో ఇంగ్లీషు గట్టెక్కితే మా జిల్లా పై స్కూల్లో సీటు. లేకపోతే చాంగ్‌షా నగరంలో మా మేనమామ చేపల దుకాణం. మామయ్య మంచివాడే. మరీ మంచివాడు కావడం వల్ల ఎనిమిదో తరగతి ఫలితాలు చూడగానే నా కోసం మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు కొని పంపించాడు. వాటిని అమ్మ వంటింట్లో మేకుకి తగిలించింది. తొడుక్కోమనీ అనలేదు, తీసి పారేస్తాననీ అనలేదు. అన్నం తింటున్నంతసేపూ అవి నా నెత్తి మీద పది వేళ్ళూ వేలాడేసుకుని ఉండేవి.

నాకు చదువు మీద పగేం లేదు. కుర్చీ మీదే. పొద్దున్నే ఏడింటికి తరగతిలో అందరూ గొంతెత్తి చదవాలి. యాభై రెండు మంది యాభై రెండు పేజీలు ఒకేసారి అరుస్తుంటే నేనూ అరిచేవాణ్ణి. గొంతు లేచేది, కళ్ళు కదిలేవి, బుర్ర మాత్రం కిటికీ దూకి వంతెన మీదికి షికారు పోయేది. కాళ్ళు బల్ల కింద వాటంతటవే ఆడేవి. మా క్లాసు టీచరూ ఇంగ్లీషు టీచరూ అయిన ఔయాంగ్ మేడమ్, తల్లిదండ్రుల మీటింగులో మా అమ్మతో, మీవాడి తెలివంతా మోకాళ్ళ కింద ఉందండీ అంది. అమ్మ కాదనలేదు.

ఇప్పుడు సీట్ల సంగతి. మా స్కూల్లో ప్రతి నెలా పరీక్ష కాగానే మార్కుల వరసలో అందరినీ వసారాలో నిలబెట్టేవాళ్ళు. ఫస్టు వచ్చినవాళ్ళు ముందు లోపలికెళ్ళి ఇష్టమైన సీటు ఎంచుకోవాలి, తర్వాత రెండోవాళ్ళు, అలా చివరిదాకా. ఇంగ్లీషు టీచరే క్లాసు టీచరు కనక మా వరస ఇంగ్లీషు మార్కులది. సెప్టెంబరులో ఫస్టు వచ్చింది గూ యాలాన్. అందరూ ముందు వరసలో మధ్య బల్ల మీద కూర్చుంటుందనుకున్నారు. ఆమె తిన్నగా వెనక్కి నడిచి, ఆఖరి వరసలో చెత్తబుట్ట పక్క బల్ల మీద సంచీ పెట్టింది. ఆ బల్లకి రెండో సీటు నాది. నేను ఎంచుకోలేదు, యాభై రెండోవాడికి మిగిలేది అదే.

ఔయాంగ్ మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, అక్కడెందుకమ్మా అని అడిగింది. "చెత్తబుట్ట దగ్గరుంటే పెన్సిల్ చెక్కుకోవడానికి సుఖం మేడమ్" అంది యాలాన్.

అక్టోబరులోనూ ఆమే ఫస్టు, ఆమెకి అదే బల్ల. నవంబరులోనూ అంతే. తరగతిలో రకరకాల కథలు పుట్టాయి. దగ్గరి చూపు ఆనదని ఒకరు, ఏదో మొక్కు ఉందని ఒకరు. నాకైతే అరటితొక్కల వాసనంటే ఇష్టమేమో అనిపించింది. మా మామయ్యకి చేపల వాసన లేకపోతే నిద్రపట్టదు, ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

మొదటిసారి నన్ను మాట తేవడానికి పంపింది కూడా సెప్టెంబరులోనే. పొద్దుటి చదువు ముగిసి గంట కొట్టారు. యాలాన్ పుస్తకం మూసి, నుదురు రుద్దుకుని, ఏదో మాట గుర్తు రావడం లేదంది.

"గేటు దగ్గర జీ తాతకి ఇచ్చాను. పరిగెత్తి పట్టుకురా."

"బుర్రలో పెట్టుకోవచ్చుగా?"

"బుర్రలో పెడితే జారిపోతాయి. మనుషుల దగ్గరుంటే ఎక్కడికి పోతాయి చెప్పు?"

ఇందులో ఏదో మెలిక ఉందని తోచింది గానీ అదేమిటో అందలేదు. కుర్చీ లోంచి లేవమంటే చాలు, ఎందుకని అడిగేవాణ్ణి కాదు. దౌడు తీశాను.

మా గేటు కాపలా జీ తాత అనుమానపు మనిషి. పిల్లల సంచులు సరే, ప్రిన్సిపాల్‌గారి అన్నం డబ్బా కూడా మూత తీసి చూసేవాడు. పుచ్చకాయ తెస్తే వేలితో కొట్టి వినేవాడు. నేను వెళ్ళి యాలాన్ ఇచ్చిన మాట ఇమ్మన్నాను. నువ్వెవరన్నాడు.

"రెండేళ్ళుగా చూస్తున్నావుగా తాతా."

"చూస్తున్నాను కాబట్టే అడుగుతున్నా."

చివరికి ఆ కాగితం ఇంకో కోటు జేబులో ఉందన్నాడు. తర్వాతి గంటకి మళ్ళీ వెళ్ళాను. కోటు ఇంట్లో ఉందన్నాడు. మధ్యాహ్నం మూడోసారి వెళ్తే టోపీ తీసి, టోపీ లోపలి పట్టీలోంచి కాగితం ముక్క లాగి, నాకిచ్చే ముందు దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. విప్పితే ఒకవైపు 'సస్పీషస్', వెనక్కి తిప్పితే 'అనుమానంతో కూడిన'. ఆ మాటని ఆయన దగ్గరే ఎందుకు పెట్టిందో నాక్కూడా అర్థమైంది. ఆ సంవత్సరంలో నాకు అర్థమైన అతి కొద్ది విషయాల్లో అదొకటి.

అప్పటినుంచీ కాలికి బలపం కట్టుకుని తిరగడమే నా చదువు. దక్షిణపు వంతెన నుంచి ఉత్తరపు వంతెన దాకా ఉన్న మా బజారులో యాలాన్ మాట లేని దుకాణం లేదు. నూడుల్స్ అమ్మే తావ్ పిన్ని దగ్గర 'జెనరస్' ఉండేది, అంటే ఉదారం. ఆ వెనకవైపు అర్థం చదువుకున్న రోజు నుంచీ పిన్నికి ఏదో మొహమాటం పట్టుకుంది. గిన్నెలో మాంసం కూర ఒక గరిటె వేసేది ఒకటిన్నర వెయ్యడం మొదలెట్టింది. గొడుగులు బాగుచేసే అతను 'ఈ వారం ఇక్కడ కూర్చుంటా' అని చెప్పి ఉత్తరపు వంతెన కింద కూర్చుని పదకొండేళ్ళయింది. అతని దగ్గర 'టెంపరరీ' ఉండేది. అంటే తాత్కాలికం.

విచిత్రమేమిటంటే వీళ్ళలో ఒక్కరు కూడా మొదటిసారి అడిగితే ఇచ్చేవారు కాదు. పిన్నికి చేతులు తడిగా ఉండేవి. గొడుగులతనికి కళ్ళజోడు కనపడేది కాదు. ఎవరైనా సరే, రెండుసార్లు తిప్పి మూడోసారికి ఇచ్చేవాళ్ళు. మా ఊరి నీళ్ళలోనే ఏదో ఉందనుకున్నాను. యాలాన్ చూసుకున్నాక కాగితం మళ్ళీ వాళ్ళకే చేర్చాలి. కాగితం విప్పకముందే అదేం మాటో నన్నడిగేది, మర్చిపోతే ముఖం చిన్నబోయేది, అందుకని వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దాన్ని గొణుక్కుంటూ పోయేవాణ్ణి.

అన్నిటికన్నా ఘోరం 'అగ్రెసివ్'. దాన్ని గొడుగులతని పెద్దబాతు మెడకి దారంతో కట్టింది. అది మామూలు బాతు కాదు, సైకిళ్ళని కూడా తరిమేది. మొదటిరోజు నా చొక్కా అంచు పట్టుకుంది. రెండోరోజు నన్ను వంతెన రెయిలింగు ఎక్కించింది. మూడోరోజు దారం చేతికొచ్చింది, నా పంట్లాము వెనకభాగం దాని ముక్కుకి చిక్కింది. ఇంటికొచ్చాక అమ్మ మాసిక వేస్తూ, ఏమిట్రా ఆ మాట అంది. 'మీద పడి కొట్టే స్వభావం' అని నిలబడే చెప్పాను, కూర్చోవడం వీలుకాలేదు. అమ్మ సూది పక్కన పెట్టి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. నాకు తల్లి ప్రేమ మీద అనుమానం వచ్చింది, ఆ అనుమానానికి ఇంగ్లీషు మాట కూడా వెంటనే గుర్తొచ్చింది.

ఇన్ని పాట్లు పడుతున్నా నాకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. ఎందుకంటే నెలనెలా యాలాన్ ఫస్టు. మాటలన్నీ తెచ్చేది నేను. నా కాళ్ళు లేకపోతే ఆ బుర్ర ఎందుకు పనికొస్తుంది? ఒకరోజు భోజనం దగ్గర ఇదే అమ్మతో అన్నాను. నేను లేకపోతే ఆ పిల్ల గతి ఏమయ్యేదోనమ్మా అన్నాను. అమ్మకి పొలమారింది. పొయ్యివైపు తిరిగి చాలాసేపు దగ్గింది.

మార్చిలో మంగలి కే మామ వల్ల పెద్ద గందరగోళం జరిగింది.

కే మామ నోరు కత్తెర కన్నా వేగం. ఒక తల పూర్తయ్యేలోపు మూడు కుటుంబాల చరిత్ర చెప్పేవాడు. అలాంటివాడికి యాలాన్ 'సైలెంట్' ఇచ్చింది. అర్థం చూసి ఆయనకి పౌరుషం వచ్చింది. ఒక పూటంతా నోరు మెదపలేదు. క్షవరానికొచ్చినవాళ్ళు హడలిపోయారు. మామకి పక్షవాతం వచ్చిందని పుకారు పుట్టి, ఆయన చెల్లెలు రెండు బస్సులు మారి పరిగెత్తుకొచ్చింది. ఇక తట్టుకోలేక మామ ఎవరికీ చెప్పకుండా తావ్ పిన్ని దగ్గరికెళ్ళి, ఈ మాట నువ్వు తీసుకుని నీది నాకివ్వు అన్నాడు. పిన్నికి అప్పటికే మాంసం ఖర్చు ఎక్కువైపోయింది. ఇద్దరూ కాగితాలు మార్చుకున్నారు. మర్నాటినుంచీ నూడుల్స్ కొట్లో మాటా లేదు, మాంసమూ లేదు. మంగలి షాపులో మాత్రం గడ్డం గీయించుకున్న ప్రతివాడికీ మెడ పిసకడం ఉచితం.

ఈ మార్పిడికి ముందే ఆ రెండు మాటలూ నేను తెచ్చి ఇచ్చి, మళ్ళీ వాళ్ళ దగ్గరికే చేర్చాను. పైగా నేను అప్పటికి కాగితాలు చూడటం మానేశాను. మాట అడిగితే మనిషి గుర్తొచ్చేవాడు, మనిషి గుర్తొస్తే మాట వచ్చేసేది. ఆ వారం డిక్టేషన్‌లో ఔయాంగ్ మేడమ్ మన భాషలో 'మౌనంగా ఉండే' అంది, ఇంగ్లీషులో రాయాలి. మౌనంగా ఉన్నదెవరు? తావ్ పిన్ని. పిన్ని దగ్గరున్న మాట? 'జెనరస్'. రాసేశాను. తర్వాత 'ఉదారమైన' అంది. ఉచితంగా మెడ పిసికే కే మామ. ఆయన మాట 'సైలెంట్'. అదీ రాసేశాను. చాలా ధైర్యంగా రాశాను, ఒక్క అక్షరం కొట్టివేత లేదు.

మా దగ్గర డిక్టేషన్ పుస్తకాలు పక్కవాళ్ళు దిద్దాలి. యాలాన్ నా పుస్తకం చూసి ఎర్ర పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. మేడమ్ వచ్చి వెనకనుంచి వంగి చూసింది. రెండూ తప్పే, కానీ స్పెల్లింగు రెండిటికీ సరిగ్గా ఉంది. అంతవరకూ నా స్పెల్లింగు సరిగ్గా ఉన్న చరిత్ర లేదు.

"ఎవర్ని చూసి రాశావు?" అంది మేడమ్.

నేను నోరు తెరిచేలోపు యాలాన్ అంది: "ఎవర్నీ చూసి ఉండడు మేడమ్. ఇలా తప్పు రాసినవాళ్ళు క్లాసులో ఇంకెవరూ లేరు."

మేడమ్‌కి అది నిజమేననిపించింది. ఆలోచిస్తూ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం యాలాన్ బజారుకొచ్చి పంచాయితీ పెట్టింది. ఒకరికిచ్చిన మాట ఇంకొకరికి ఎలా ఇస్తారని ఇద్దరినీ నిలదీసింది. పిన్ని గరిటె పట్టుకుని తల వంచుకుంది. కే మామ మాత్రం చేతులు జోడించి, "తల్లీ, నోరు మూసుకుంటే నా కడుపు ఉబ్బిపోతోందమ్మా. ఏ తిట్టో, తుమ్మో, అలాంటి మాట ఇప్పించు" అని బతిమాలాడు.

యాలాన్ కాసేపు ఆలోచించింది. "సరే మామా. రోజంతా అక్కర్లేదు. కైవెన్ వచ్చినప్పుడు మాత్రం మౌనంగా ఉండు."

కాగితాలు ఎవరివి వాళ్ళకి చేరాయి. పిన్ని నిట్టూర్చి మాంసం గిన్నె మూత తీసింది. నేనొస్తే మాత్రమే కే మామ ఎందుకు మూగపోవాలో నాకు బోధపడలేదు. ఆ రోజు నుంచీ నన్ను చూడగానే ఆయన కత్తెర గాల్లో ఆపి, బుగ్గలు పూరించుకుని, ఎర్రబడిపోయి నిలబడేవాడు. నేను వీధి మలుపు తిరిగేసరికి వెనక నుంచి ఆగిన కథ వరదలా వినిపించేది.

ఈలోగా నా మార్కులు ఎందుకో పెరగసాగాయి. యాభై ఎనిమిది, అరవై ఆరు, డెబ్భై రెండు. ప్రశ్నపత్రాలు తేలిగ్గా ఇస్తున్నారనుకున్నాను. ఏప్రిల్‌లో వసారా వరసలో నేను ముప్ఫై తొమ్మిదోవాణ్ణి. లోపలికెళ్తే పద్నాలుగు సీట్లు ఖాళీ, కిటికీ పక్కది కూడా ఉంది. కాసేపు నిలబడి, వెళ్ళి చెత్తబుట్ట పక్కనే కూర్చున్నాను. యాలాన్ తలెత్తకుండా పెన్సిల్ చెక్కుకుంటోంది. అది అప్పటికే చాలా మొనదేలి ఉంది.

జూన్ దగ్గరపడింది. పెద్ద పరీక్ష వేరే స్కూల్లో, ఊరి అవతలి వైపు. ఒకరోజు హఠాత్తుగా నాకో సంగతి తట్టింది. పరీక్ష హాల్లోంచి ఆమె నన్ను మాటల కోసం ఎలా పంపుతుంది? నా గ్లౌజుల సంగతి కూడా మర్చిపోయాను. ఏడాదంతా ఫస్టు వచ్చిన పిల్ల తెల్లకాగితం ఇచ్చి వస్తుంది, దానికి కారణం నా కాళ్ళు అక్కడ లేకపోవడం. వెళ్ళి అదే చెప్పాను.

యాలాన్ చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "అవును కదూ. నేనిది ఆలోచించనే లేదు. ఇప్పుడెలా మరి?"

"నువ్వేం కంగారుపడకు. నేనున్నాగా" అన్నాను. నా గొంతు మా నాన్న గొంతులా వినిపించింది.

మూడు సాయంత్రాలు బజారంతా తిరిగి మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను. మొత్తం మూడొందల అరవై ఎన్నో. ఆశ్చర్యం, ఈసారి అందరూ మొదటిసారికే ఇచ్చేశారు. తావ్ పిన్ని మాత్రం ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చింది, అలవాటైపోయిందిరా అంది. పెద్దబాతు తన కాగితాన్ని ఎప్పుడో తినేసింది, అయినా ఆ మాటని మర్చిపోయే అదృష్టం నాకెలాగూ లేదు.

ఇంగ్లీషు పరీక్ష రోజు పొద్దున్నే పరీక్ష కేంద్రం గేటు దగ్గర యాలాన్‌ని పట్టుకున్నాను. కాగితాల సంచీ చేతికివ్వబోతే, లోపలికి కాగితాలు పట్టుకెళ్ళనివ్వరు, నోటితో చెప్పెయ్యి అంది. చెట్టు కింద నిలబడి దక్షిణపు వంతెన దగ్గర మొదలుపెట్టాను. దుకాణం తర్వాత దుకాణం, మనిషి తర్వాత మనిషి, మాటా అర్థమూ. ఆమె కళ్ళు మూసుకుని ఊఁ కొడుతోంది. చుట్టూ పిల్లలు చూస్తున్నారు. ఉత్తరపు వంతెన కింద బాతు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఎండిపోయింది, మొదటి గంట మోగింది.

యాలాన్ కళ్ళు తెరిచింది. "చాలా బరువుగా ఉన్నాయి కైవెన్. ఇన్ని నేను మొయ్యలేను. నీ దగ్గరే ఉంచు. రెండు గంటలేగా, బయటికొచ్చాక తీసుకుంటాను."

చెప్పేసి లోపలికి వెళ్ళిపోయింది.

నేను నోరెళ్ళబెట్టుకుని నిలబడ్డాను. ఇదేం మనిషి? ఎవరైనా యుద్ధానికెళ్తూ కత్తి ఇంకొకడికిచ్చి వెళ్తారా? అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోపంతోనే వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను, ఒక్క మాట కూడా కింద పడకుండా తల కదపకుండా కూర్చున్నాను, అవన్నీ ఆమెవి కదా.

చదివి జవాబులు రాయవలసిన ఇంగ్లీషు కథనాల్లో మొదటి రెండూ ఎలాగో అయ్యాయి. మూడోది చదువుతుంటే ఏదో జరిగింది. ఒక పల్లెకి ఒక ముసలి గడియారాల మనిషి వస్తాడు. ఊరివాళ్ళు అతన్ని 'సస్పీషస్'గా చూస్తారు. జీ తాత టోపీ పెట్టుకుని వచ్చి ఆ ముసలివాడి సంచీ మూత తీశాడు. ముసలివాడు 'సైలెంట్'గా ఉంటాడు. కే మామ బుగ్గలు పూరించుకుని నిలబడ్డాడు. అతనికి దొరికిన గది 'టెంపరరీ'. గొడుగులతను పక్కకి జరిగి చోటిచ్చాడు. ఒక ముసలమ్మ, 'జెనరస్' మనిషి, భోజనం పెట్టింది. నాకు మాంసం కూర వాసన కూడా వచ్చింది. తర్వాతి పేరాలో ఒక కుక్క 'అగ్రెసివ్'గా మీద పడింది.

కిసుక్కున నవ్వేశాను. పరీక్షకి కాపలా ఉన్నాయన వచ్చి బల్ల మీద వేలితో కొట్టాడు. మళ్ళీ కాగితంలోకి దిగాను. నా జన్మలో మొదటిసారి ఒక ఇంగ్లీషు కథ చివరికి ఏమవుతుందో నాకు కావాలనిపించింది. ముసలివాడు ఊళ్ళో గడియారాలన్నీ బాగుచేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. నాకు బెంగ కూడా పుట్టింది. ప్రశ్నలు నాలుగూ రాసి తల పైకెత్తేసరికి నా కాళ్ళు బల్ల కింద కదలకుండా ఉన్నాయి.

బయటికి రాగానే యాలాన్ అడిగింది ఒక్కటే, దేనికి నవ్వావు, పక్క హాల్లోకి వినిపించింది అని. ముందు నీ మాటలు నువ్వు తీసుకో అన్నాను. ఉంచు, ఇప్పుడేం తొందర అంది.

జూలైలో ఫలితాలొచ్చాయి. ఇంగ్లీషులో యాలాన్‌కి నూట పద్దెనిమిది, నాకు తొంభై ఆరు. ఇద్దరికీ పై స్కూల్లో సీటొచ్చింది. ఎన్నిసార్లు చూసుకున్నా తొంభై ఆరే. ఆమె మాటలు లేకుండా నూట పద్దెనిమిది ఎలా తెచ్చుకుందో, ఆమె మాటలతో నేను తొంభై ఆరే ఎందుకు తెచ్చుకున్నానో తెలియక, ఒక పుచ్చకాయ కొనుక్కుని జీ తాత దగ్గరికి వెళ్ళాను. తాత పుచ్చకాయని వేలితో కొట్టి విని, మంచిదేనన్నాడు.

నా అయోమయం చెప్పాను. తాత కత్తి పీట వెతుక్కుంటూ మామూలుగా అన్నాడు. "ఆ పిల్ల ముందే చెప్పిందిగా. 'ఒకసారి అడిగితే ఇవ్వొద్దు తాతా, రెండోసారీ ఇవ్వొద్దు, మూడోసారికి ఇవ్వు. వాడు కూర్చుని చదవలేడు, నడిస్తే చదువుతాడు' అని. బజారంతా చెప్పుకొచ్చింది."

"మరి తనకి గుర్తుండవు కదా?"

"ఆ పిల్లకా? మూడేళ్ళ కిందట వానలో నా గొడుగు ఏ రోజు విరిగిందో అడుగు, చెప్తుంది." తాత పుచ్చకాయ కోసి నాకో ముక్క ఇచ్చాడు. "నా పాట్లు చూడు ముందు. ఏడాదిపాటు ఇంకో కోటు జేబులో ఉందని నీకు అబద్ధం చెప్పా. నాకున్నది ఇదొక్కటే కోటురా."

నా చేతిలో ముక్క చేతిలోనే ఉంది. తావ్ పిన్ని తడి చేతులు, కనపడని కళ్ళజోడు, కే మామ బుగ్గలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. చెత్తబుట్ట గుర్తొచ్చింది. యాభై రెండోవాడికి ఏ సీటు మిగులుతుందో, ఫస్టు వచ్చిన అమ్మాయికి ప్రతి నెలా ముందే తెలుసు. గింజలు ఏరుతున్నట్టు పుచ్చకాయ ముక్క మీదికి తల వంచేశాను.

యాలాన్ వాళ్ళ నాన్నది వంతెన పక్కన మేకులూ బోల్టులూ అమ్మే కొట్టు. వెళ్ళేసరికి ఆమె మేకులు సైజుల వారీగా ఏరుతోంది. అంతా తెలిసిపోయిందన్నాను.

"జీ తాత పెద్దవాడైపోయాడు, ఏదో అంటుంటాడు. నాకు నిజంగానే గుర్తుండవు" అంది తలెత్తకుండా.

"మరి చెత్తబుట్టో?"

"పెన్సిల్ చెక్కుకోవడానికని అప్పుడే చెప్పానుగా." మేకుల డబ్బా మూసింది. "అన్నట్టు, ఒక మాట ఇంకా వెనక్కి రాలేదు. మీ అమ్మగారి దగ్గరుంది. పరిగెత్తి పట్టుకురా."

ఇంటికి పరిగెత్తాను. అమ్మ వంటింట్లో ఊరగాయకి మిరపకాయలు కోస్తోంది. యాలాన్ మాట ఇమ్మన్నాను. చేతులకి కారం ఉందిరా, తర్వాత రా అంది. బయటికెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి, మళ్ళీ వచ్చాను. పొయ్యి మీద అన్నం మాడుతోంది, తర్వాత రా అంది. పొయ్యి వెలిగించే లేదు. నేను మళ్ళీ బయటికెళ్ళి, వీధి చివరిదాకా నడిచి, మూడోసారి వచ్చాను.

అమ్మ చేతులు కడుక్కుని, మేకుకున్న గ్లౌజులు దింపింది. కుడిచేతి బొటనవేలి లోంచి నాలుగు మడతల కాగితం తీసింది. ఏడాదిగా నా నెత్తి మీదే ఉంది, అటువైపు చూడాలంటేనే నాకు భయం కనక కనపడలేదు. విప్పాను. ఒకవైపు 'పేషెన్స్'. వెనక్కి తిప్పితే 'ఓపిక'.

"సెప్టెంబరులో ఇచ్చింది" అంది అమ్మ. "దీన్ని దాచలేక చచ్చాననుకో. నీ ధర్మమా అని ఎన్నిసార్లు పోబోయిందో."

కాగితం పట్టుకుని నిలబడ్డాను. అమ్మ ఆ గ్లౌజులు మోచేతుల దాకా తొడుక్కుని మళ్ళీ మిరపకాయల ముందు కూర్చుంది. కారం తగలకుండా ఇవి బాగున్నాయే అంది.

"నిలబడ్డావేం, వెళ్ళి ఇచ్చిరా. ఇకమీదట ఆ పిల్లకే కావాలి అది. పై స్కూల్లో ఇంకో మూడేళ్ళు నీ పక్కన కూర్చోవద్దూ?"